నీడ ముందు, తీగ తర్వాత

కడప జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. తేమా నీడా లేకపోతే బతకని తమలపాకుకు ఇది అనువైన చోటని ఎవరూ అనుకోరు. అయినా పెన్న ఒడ్డున చెన్నూరు ఆకుకు ఎంతోకాలంగా పేరుంది. తీగ కోరే వాతావరణం ఈ నేలలో లేదు గనుక రైతే ఆ వాతావరణాన్ని కల్పిస్తాడు. ఆకుతోట పనితనమంతా అందులోనే ఉంది.

తమలపాకు మిరియాల తీగకు దగ్గరి చుట్టం. రెండూ చెట్టు మొదలును పట్టుకుని, దాని నీడలో పాకే అడవి బుద్ధి ఉన్నవే. ఆ నీడను ఒక్కో ప్రాంతం ఒక్కో తీరుగా సమకూర్చుకుంది. బెంగాల్లో వెదురు, జనుప కట్టెలతో పందిరి కట్టి, చుట్టూ దడి బిగించి, లోపల తీగ పెంచుతారు. మన ఆకుతోటలో ఆ బాధ్యత అవిసె చెట్టుది.

తొలకరి పడ్డాక నేలను మెత్తగా దున్ని, పశువుల ఎరువు వేసి, ఎత్తు మడులు తీస్తారు. మడికీ మడికీ నడుమ లోతు కాలువ ఉంటుంది. నీళ్లు తెచ్చేదీ, మిగిలిన నీళ్లను బయటికి పంపేదీ ఆ కాలువే. తీగకు తడి ఆరకూడదు, మొదట్లో నీళ్లు నిలవనూ కూడదు. మడి ఎత్తు, కాలువ వాలు కుదిరితేనే ఈ రెండూ సాధ్యం. మడుల మీద అవిసె గింజలను వరుసల్లో విత్తుతారు. తోట అంచున గెనిమల వెంట అరటి వేస్తే వడగాలి నేరుగా తీగను తాకదు.

సుమారు రెండు నెలలకు అవిసె నీడ పట్టే ఎత్తుకు వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు నాటు. తమలపాకును విత్తనంతో పెంచరు, తీగ ముక్కతోనే పెంచుతారు. కాబట్టి తల్లితోట ఎంపికలోనే సగం పంట తేలిపోతుంది. తెగులు సోకని తోటలో, బాగా ఎదిగిన తీగ పైభాగం నుంచి మూడు నుంచి ఐదు కణుపులున్న ముక్కలు కోస్తారు. కణుపు దగ్గర చిన్న వేళ్లు కనిపించాలి, కొస చిగురు దెబ్బతిని ఉండకూడదు. అవిసె మొదట్లో చిన్న గుంత చేసి, కింది కణుపులు మట్టిలో ఉండేలా పెట్టి, చుట్టూ వేళ్లతో గట్టిగా అదుముతారు. మట్టి వదులుగా ఉంటే లోపల గాలి చేరి ముక్క ఎండిపోతుంది. మొదటి వారం ఉదయం, సాయంత్రం పల్చగా తడపాలి. వేరు పట్టిందని కొత్త చిగురు చెప్పాక తడికీ తడికీ ఎడం పెంచుతారు.

తీగ లేచే కొద్దీ దాన్ని అవిసెకు కట్టాలి. కట్టేది నానబెట్టిన అరటినారతోనో, జమ్ముతోనో. ముడి కణుపు కింద పడాలి. అప్పుడే కణుపు వేళ్లు మానును పట్టుకుంటాయి. బిగిస్తే తీగ కోసుకుపోతుంది, వదిలేస్తే గాలికి ఊగి చిగురు విరుగుతుంది. జానెడు దూరానికొక ముడి చొప్పున తోటంతా చేత్తోనే సాగే పని ఇది. ఇటు అవిసె కొమ్మలనూ గమనిస్తుండాలి. వానాకాలంలో కొమ్మలు కొట్టి వెలుతురు రానిస్తారు, ఎండాకాలంలో గుబురుగా ఉంచుతారు. కొట్టిన రెమ్మ మేకలకూ పాడి పశువులకూ మేత. అవిసె వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి. పందిరి ఇవ్వలేనివి ఇవన్నీ.

ఏడాది తిరిగేసరికి తీగ చెయ్యందని ఎత్తుకు చేరుతుంది. అప్పుడు కట్లు విప్పి, తీగను కిందికి దించి, ఆకు కోసేసిన భాగాన్ని చుట్టగా చుట్టి మట్టిలో కప్పి, కొసను మళ్లీ అవిసెకు ఎక్కిస్తారు. పూడ్చిన ప్రతి కణుపూ కొత్త వేరు వేస్తుంది. పాత తీగే అలా మళ్లీ లేత తీగ అవుతుంది.

ఆకుతోటను భయపెట్టేది కుళ్లు తెగులు. తడి నేలలో ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి మొదలును పట్టిందంటే పచ్చని తీగ రోజుల్లో వడలిపోతుంది. దీనికి వాడే బోర్డో మిశ్రమం ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో 1880లలో పుట్టింది. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. మిశ్రమం కుదిరిందో లేదో తెలియడానికి అందులో ఇనుప కత్తి ముంచి తీస్తారు. కత్తికి ఎర్రగా రాగి పూత అంటితే సున్నం చాలలేదని అర్థం. అదే పిచికారీ చేస్తే ఆకు మాడుతుంది. పచ్చిగా నమిలే ఆకు కాబట్టి కోతకొచ్చిన ఆకు ముందే తీసి, ఆ తర్వాతే మందు కొట్టడం తెలివి. మందు కంటే ముందు మురుగు నీరు పోయే కాలువను, తెగులు లేని ముక్కను నమ్ముకున్నవాడి తోటే నిలుస్తుంది.

ఇంత శ్రమపడేది కేవలం నోరు పండటానికి కాదు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ తాంబూలాన్ని ఎంతో మెచ్చుకుంటూ రాశాడు. పెళ్లి మాట ఖాయమైనా, ఇంటికి వచ్చిన ముత్తయిదువను సాగనంపినా మన చేతిలో ఉండేది ఆకే. ఆంజనేయుడంటే తమలపాకులతో చేసే ఆకుపూజ గుర్తొస్తుంది. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వ లాంఛనాలతో కడప జిల్లా ఒంటిమిట్టలో రాత్రి వెన్నెల్లో జరుగుతున్న సీతారాముల కల్యాణమైనా, మన వీధిలో పెళ్లయినా తాంబూలం లేకుండా ముగియదు.

దేవుడి దగ్గర ఆకుకున్న గౌరవం దాన్ని పెంచే చేతికి దక్కడం లేదు. ముక్క ఎంచడం, ముడి వేయడం, తీగ దించడం తెలిసిన మనిషికీ, ఏ పనికైనా వచ్చే మనిషికీ మనం పెట్టే పేరు ఒక్కటే, కూలి. ఈ విద్య పుస్తకం చూసి ఒక్క సీజన్లో పట్టుబడేది కాదు. నాటు నుంచి తీగ దింపే దాకా ఒక పెద్ద చెయ్యి పక్కన ఏడాది తిరిగితేనే వస్తుంది. దీన్ని నేర్పు అని ఒప్పుకుని, నేర్పుకు తగ్గ ధర కట్టినప్పుడే ఆ పెద్ద చెయ్యి పక్కన నిలబడి నేర్చుకోవడానికి ఒక కుర్రవాడైనా వస్తాడు.