నిలబడిపోయిన లారీని లేపడం

చెన్నై సౌకార్‌పేట వ్యాపారం లారీ మీద నడుస్తుంది. మింట్ స్ట్రీట్‌లో కట్టిన మూట వాల్‌టాక్స్ రోడ్డు పార్సెల్ ఆఫీసుకు చేరితే చాలు, జీఎన్‌టీ రోడ్డు పట్టుకుని తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట మీదుగా నెల్లూరుకో బెజవాడకో వెళ్లిపోతుంది. తిరిగే బండ్ల సంగతి అందరికీ తెలుసు. ఆగిపోయిన వాటినే ఎవరూ పట్టించుకోరు. ఫైనాన్సు తీరక, అన్నదమ్ముల వాటా తేలక, ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు (ఎఫ్‌సీ) డబ్బు చాలక ఏ గోడవారనో ఏళ్ల తరబడి నిలిచిపోయిన లేలాండ్, టాటా బండ్లు ఉత్తర మద్రాసులో కనిపిస్తూనే ఉంటాయి. వాటిని లేపడం డీజిల్ మేస్త్రీల చేతి విద్య. చిన్నప్పుడే షెడ్డులో చేరి, స్పానర్లు అందిస్తూ, చూసి నేర్చుకున్నది.

ఈ విద్యలో మొదటి పాఠం సెల్ఫ్ కొట్టకపోవడం. ఏళ్లు చేసిన నష్టం కంటే తొందరపడి తిప్పిన తాళం చేసే నష్టమే ఎక్కువ. ఓనరు కొత్త బ్యాటరీ పట్టుకొచ్చి ఆత్రంగా నిలబడినా, మేస్త్రీ బండి కిందికి దూరి సంప్ బోల్టు వదులు చేస్తాడు. ఆయిల్ కంటే నీళ్లు బరువు కనుక, లోపల చేరి ఉంటే అవే ముందు కారతాయి. 2015 డిసెంబరులో చెన్నైని ముంచినటువంటి వరద చూసిన బండికి ఈ పరీక్ష ప్రాణం. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే, గాలిలా అవి కుదించుకుపోవు కనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

తర్వాత నాజిళ్లన్నీ విప్పి, ఆ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో ఇంజనాయిల్, డీజిల్ కలిపి కాస్త పోసి వదిలేస్తాడు. ఇంజన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌కు వాల్వు తెరుచుకునే ఉంటుంది. అందులోంచి సముద్రపు తేమ దిగి లైనర్‌కు తుప్పు పడుతుంది, పిస్టన్ రింగులు దానికి అతుక్కుంటాయి. ఇంజన్ పట్టేసిందంటే చాలాసార్లు ఇదే. మర్నాడు ఫ్లైవీల్ పళ్లకు లీవర్ ఆనించి మెల్లగా ఎత్తి చూస్తాడు. వెంట్రుకవాసి కదిలితే అక్కడే ఆపి వెనక్కి తిప్పుతాడు. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. కదలకపోతే ఇంకాస్త ఆయిల్ పోసి ఇంకో రాత్రి ఆగుతాడు. బలం పెడితే రింగు విరుగుతుంది, ఆ ముక్క లైనర్‌ను గీరేస్తుంది. చూసేవాళ్లకు పని జరగనట్టే ఉంటుంది గానీ, నా దృష్టిలో మేస్త్రీతనమంతా ఆ ఆగడంలోనే ఉంది.

ఇక పంపు. పాత లారీల్లో ఇంజెక్షన్ పంపు లోపల ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. మన వెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు. నిలవ డీజిల్ అక్కడ బంకలా గట్టిపడుతుంది. ట్యాంకు అడుగున నీళ్లు చేరి, నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. అందుకే ట్యాంకు దింపి కడిగి, ఫిల్టర్లు మార్చి, పంపు పక్క మూత తీసి ర్యాక్ వేలితో జరుగుతోందో లేదో చూస్తారు. డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించేది ఆ ర్యాకే. అది నిండు డీజిల్ దగ్గర ఇరుక్కుని ఉంటే స్టార్టయిన ఇంజన్ అదుపు తప్పి, ఆపినా ఆగకుండా పగిలేదాకా పరుగెడుతుంది. ర్యాక్ బిగిసి ఉంటే పంపు విప్పి పంపు రూముకు పంపాల్సిందే, టెస్ట్ బెంచీ మీద కొలతలు సరిచేయించాల్సిందే. ఈ ఖర్చు మిగుల్చుకుందామని చూసేవాళ్లంటే నాకు భయం.

తర్వాత ఎయిర్ తీయడం. ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి చేతి పంపు కొడుతుంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి గాలి లేని డీజిల్ వస్తుంది. ఆ తర్వాతే సెల్ఫ్. అదీ స్టాప్ లీవర్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా. ఎండిపోయిన బేరింగులకు ఆయిల్ అందాకే లీవర్ వదులుతారు. గాలిని నొక్కిన వేడికే డీజిల్ అంటుకోవాలి కనుక, రింగులు సరిగా పట్టకపోతే తెల్ల పొగ వస్తుందే తప్ప మంట పుట్టదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువవుతోందని మేస్త్రీ చదువుకుంటాడు.

ఇంజన్ పలికింది కదా అని బండి కదిలించకూడదు. ఏళ్లు నిలిచిన బండిలో బ్రేక్ డయాఫ్రమ్‌లు ఎండి చీలతాయి, లైనింగులు డ్రమ్ముకు అతుక్కుంటాయి, ఎయిర్ ట్యాంకులో నీళ్లుంటాయి, టైర్ల పక్కలు బీటలు వారతాయి.

ప్రతి పాత లారీనీ లేపాలని నేను అనను. ఛాసిస్‌ను తుప్పు తినేసిన బండిని, ఊరికి పొగ తప్ప ఏమీ ఇవ్వలేని బండిని తుక్కుకు పంపడమే మంచిది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీలకు కంప్యూటర్, సెన్సర్లు, యూరియా ట్యాంకు వచ్చాయి. నిలిచిపోతే ఆ యూరియా ద్రావణం ఎండి పలుకులు కడుతుంది, లోపం ఏమిటో తెలియాలంటే ల్యాప్‌టాప్ తగిలించాలి. వాటితో బండి వదిలే పొగ శుభ్రపడింది, దాన్ని నేను స్వాగతిస్తాను. కానీ ఆయిల్, ఇంధనం, గాలి, తుప్పు గురించి పాత మేస్త్రీలకు తెలిసింది కొత్త ఇంజన్లకూ వర్తిస్తుంది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు ఉంది. ఆ మేస్త్రీలను గౌరవ వేతనమిచ్చి అక్కడికి పిలవాలి, పట్టేసిన ఇంజనొకటి తెచ్చి పిల్లల ముందు పెట్టి, లీవర్ వాళ్ల చేతికే ఇప్పించాలి.