పంపకాలలో కనిపించని ఆడపడుచు

కుటుంబకథాచిత్రం అనే మాటకు తెలుగులో ఒక అర్థం స్థిరపడింది: అన్నదమ్ముల మమత, తోడికోడళ్ళ తగువు, ఇల్లు చీలడం, చివర్లో అందరూ మళ్ళీ ఒకచోట చేరడం. ఈ చట్రం పాతబడిందనీ, మారుతున్న కాపురాలతో దానికి సంబంధం లేదనీ ఒక విమర్శ ఉంది. అది సగమే నిజం. ఈ చిత్రాలను మమతల కథలుగా కాక లెక్కల కథలుగా చూడవచ్చు. ఎవరు సంపాదిస్తున్నారు, ఎవరు వడ్డిస్తున్నారు, ఆస్తి ఎవరి చేతికి వెళుతోంది అని అడుగుతూ చూస్తే, ఇళ్ళలో వచ్చిన మార్పులు చాలావరకు వాటిలో నమోదై కనిపిస్తాయి. నమోదు కాని పెద్ద మార్పు ఒకటుంది. అది ఆడపిల్ల వాటా.

‘తోడికోడళ్ళు’ (1957) శరత్‌చంద్ర ఛటర్జీ బెంగాలీ నవలిక ‘నిష్కృతి’కి తెలుగు రూపం. ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు. వకీలుగా సంపాదించే పెద్దాయన, ఆయన రాబడి మీద నడిచే ఉమ్మడి ఇల్లు, పెత్తనం దగ్గర రాజుకునే తగువు. తగువు పెట్టేది సూర్యకాంతం, ఓర్చుకునేది సావిత్రి. ఇల్లు చీలడానికీ నిలవడానికీ ఆడవాళ్ళే కారణమన్నట్టు కథ నడుస్తుంది గాని, వివరాలు మరో మాట చెబుతాయి. అందరి చేతులూ పడిన పొలం మీద బతికే ఇల్లు వేరు, ఒక్కరి వృత్తి ఆదాయం మీద బతికే ఇల్లు వేరు. రెండో ఇంట్లో సంపాదన లేనివాడి స్థానం ఏమిటన్నదే అసలు ప్రశ్న. సూర్యకాంతం గయ్యాళితనమంతా ఆ ప్రశ్నను పైకి అనడమే. శరత్ నవలిక చివర పెద్దాయన ఆస్తిని చిన్న కోడలి పేర రాసేస్తాడు. స్త్రీకి ఆస్తి దక్కిన మాట నిజమే, అయితే అది హక్కుగా కాదు, మంచితనానికి మెప్పుగా.

ఈ చిత్రానికి ఏడాది ముందే, 1956లో, హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మాత్రం మగపిల్లలకే ఉంచింది. ఆ తేడాను తీసివేస్తూ ఎన్‌. టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానమైన హక్కునిచ్చింది. దేశమంతటికీ ఆ మార్పు 2005లో గాని రాలేదు. ‘ఉమ్మడి కుటుంబం’ (1967) కథానాయకుడు శాసనసభలో తెచ్చిన మార్పును తెలుగు తెర అందుకోలేదు.

‘సంసారం ఒక చదరంగం’ (1987) ఆ సవరణ తరువాత వచ్చింది. తమిళంలో విసు తీసిన చిత్రానికి ఇది తెలుగు రూపం. ఇక్కడ పంచుకోవడానికి పొలం లేదు, జీతాలున్నాయి. తగువు ఆస్తి గురించి కాదు, నెల ఖర్చు గురించి. పెద్దకొడుకు తన వంతు ఎంతో లెక్కకడతాడు. తండ్రి ఇంటి మధ్య గీత గీస్తాడు. వీరిని కలిపే కోడలే (సుహాసిని) చివరికి వేరు కాపురం ఎంచుకుంటుంది. దూరంగా ఉండి కలుస్తూ ఉంటేనే ప్రేమ నిలుస్తుందన్నది ఆమె తీర్పు. అంతవరకు నేరంలా చూపిన వేరు కాపురానికి ఈ చిత్రం గౌరవం కట్టబెట్టింది. జీతాల మీద బతికే మధ్యతరగతి అప్పటికే చేస్తున్న పని అదే కనుక ప్రేక్షకులకు అది వింతగా తోచలేదు. కాని ఆ గీతకు అటూ ఇటూ నిలిచింది తండ్రీ కొడుకులు. ఖర్చును పైసలతో సహా లెక్కపెట్టిన ఇంట్లో వంటింటి చాకిరీని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ (2013) నాటికి ఉద్యోగం లేని అన్నదమ్ములే కథానాయకులు. వాళ్ళకు పేర్లు లేవు, పెద్దోడు, చిన్నోడు అంతే. బయటి ప్రపంచం సంపాదనతో మనిషిని తూస్తుంటే, ఇంటి వరసే వాళ్ళకు మిగిలిన గుర్తింపు. ఈ కలతను చిత్రం నిజాయితీగా పట్టుకుంది. కాని పేరులో వాకిలి సీతది. కథలో ఆమె ఆ ఇంటి పనులు చేస్తూ, పెద్దోడితో పెళ్ళికోసం ఎదురుచూసే మనిషి.

ఆడపడుచును కథ మధ్యలోకి తెచ్చింది ‘బలగం’ (2023). వేణు ఎల్దండి తీసిన ఈ తెలంగాణ పల్లె కథలో, విందులో అల్లుడికి నల్లిబొక్క పడలేదన్న పంతంతో కూతురు ఏళ్ళ తరబడి పుట్టింటికి దూరమవుతుంది. తండ్రి పోయాక పెట్టిన కూడును పిట్ట ముట్టదు. తగువు ముక్క గురించి కాదనీ, ఆ ఇంట్లో కూతురి పక్షానికి ఉన్న మర్యాద గురించనీ ప్రేక్షకులకు తెలుస్తూనే ఉంటుంది. ఆమె కోపం లేకుండా ఈ కథే లేదు. అయినా ఆ కోపం మర్యాద భాషలోనే మాట్లాడుతుంది, హక్కు భాషలో కాదు.

కట్నం, పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం, ఇవే ఆడపిల్ల వాటా అని సమాజం నమ్మినప్పుడు, సినిమా ఆ నమ్మకాన్నే చూపిందని వాదించవచ్చు. కాని ఇచ్చేవాళ్ళు తమ ఇష్టం కొద్దీ ఇచ్చేది కానుక. అడిగి తీసుకోగలిగేది వాటా. జీతాన్నీ, వేరు కాపురాన్నీ, నిరుద్యోగాన్నీ గుర్తించిన కళకు ఈ ఒక్క తేడా కనబడకపోవడం పొరపాటు అనుకోలేం. ఆడపిల్ల వాటా అడిగిన క్షణంలో అన్నదమ్ముల అనురాగం అనే పునాది ప్రశ్నార్థకమవుతుంది, చివరి దృశ్యంలో అందరూ నవ్వుతూ నిలబడే చిత్రం కుదరదు.

ఊళ్ళో ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు విదేశంలో ఉన్న కొడుకు పవరాఫ్ అటార్నీ పంపుతాడు, కూతురు హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెడుతుంది. చాలా ఇళ్ళలో ఆ సంతకం అడగకుండానే పడుతుంది, పెట్టకపోతే పుట్టింటి రాకపోకలు తెగుతాయని ఆమెకు తెలుసు కనుక. ఆ సంతకం దగ్గర ఆగి, ఆమె కలం కింద పెట్టేస్తే ఏమవుతుందో చూపే కుటుంబకథ మనకు ఇంకా రావలసి ఉంది.