బంతిని తాకనివాడు

జీవితమున పెక్కుభాగము బడిపిల్లలకు పాఠములు చెప్పుటలో గడపిన నాకు, ఫుట్‌బాల్ శిక్షకునిపై మొదటినుండియు ఒక వింత యసూయ కలదు. మా శ్రమకు ఫలితము ఏ పదియేండ్లకో, ఎక్కడో తెలియవచ్చును. వానికి తొంబది నిమిషములలో, వేలమంది యెదుట తేలిపోవును. పరీక్షాశాలలోనికి మమ్ము రానీయరు. వానినో, గీత ప్రక్కనే కూర్చుండబెట్టి కాలు కదపనీయరు. ఈ రెంటిలో ఏది యెక్కువ శిక్షయో నాకు నేటికిని నిశ్చయము కాలేదు.

మా నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతములందు ప్రత్తితీతలు ముగిసి చేలు ఖాళీ యగుటయే తడవుగా కుఱ్ఱవాండ్రు కబడ్డీకి గిరి గీయుదురు, వాలీబాలుకు వల కట్టుదురు. గోలుస్తంభములు పాతుట అరుదు. కావున ఈ యాట నాకు పత్రికల మూలముననే పరిచితము. ఆ పరిచయములో నన్ను విడువక పట్టుకొన్నవాడు హైదరాబాదు నివాసి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనయు మావలె బడిపంతులే.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శియై, సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుమార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిపించిన ఆ పంతులు పెట్టిన పోటీలను తలచినప్పుడెల్ల నాకు ముచ్చట వేయును: బలహీనమైన కాలితోనే ఆడవలెనని యొకటి, బంతిని తన్నుకొనుచు ప్రత్యర్థిని తప్పించి పోరాదని యొకటి. పిల్లవానికి బాగుగా వచ్చినదానిని కొంతకాలము వానినుండి లాగికొనుట! మా బడులలోనో, వచ్చినదానినే వల్లెవేయించి బహుమతు లిత్తుము, తల్లిదండ్రులును సంతోషింతురు.

పలుదేశములు తిరిగిన శిక్షకులు రెండు తెఱగులు. హంగరీవాడైన బేలా గుట్‌మన్ ఇటలీలో, బ్రెజిల్‌లో, పోర్చుగల్‌లో ఎవరి పిల్లలనో చేరదీసి, 1961, 1962 సంవత్సరములలో బెన్ఫికాకు యూరోపియన్ కప్పును సంపాదించి పెట్టి, అంతటితో అచటినుండి మూట కట్టెను. మన హైదరాబాదువాడే యైన సయ్యద్ నయీముద్దీన్ భారతజట్టునకే గాక ఢాకా క్లబ్బులకును, బంగ్లాదేశ్ జాతీయ జట్టునకును శిక్షణ నిచ్చి కొంతవఱకు ఆ త్రోవనే నడచెను. రహీం మార్గము వేఱు. భారతజట్టు శిక్షకుడై, తన పిల్లలనే వెంటబెట్టుకొని పరదేశపు నేలపై నిలిపినవాడాయన. 1952లో హెల్సింకీ చలిలో మనవారు పెక్కుమంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1గా ఓడిరి. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2గా గెలిచి ఒలింపిక్సున నాలుగవస్థానమున నిలిచిరి. 1960లో రోమ్‌లో ఫ్రాన్సుతో సమముగా ఆడిరి.

జకార్తా సంగతి నిదానముగ చెప్పవలెను. 1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశములను రానీయకుండుటను మన క్రీడాధికారి జి.డి.సోంధీ ఆక్షేపించినందున అచటి జనము మనపై మండిపడుచుండెను. మొదటి యాటలోనే దక్షిణ కొరియా మనలను 2-0గా ఓడించినది. థాయ్‌లాండ్‌తో ఆడునపుడు, వెనుకవరుసకు ప్రాణమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. మా నల్లరేగడిలో మిరప నాటినవాడు వానను ఎన్నుకొనజాలడు. వచ్చినదానికి తగినట్లు బోదెలు తీసికొనును, చచ్చిన మొక్క చోట మఱియొకటి నాటును. రహీం చేసినదియు అట్టిదే; గాయపడినవానిని కూర్చుండబెట్టక, వెనుకనుండి తీసి ముందువరుసలో నిలిపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై అతడు గోలు చేసెను. సెప్టెంబరు 4న, క్రిక్కిఱిసిన ప్రేక్షకులు మనవారిని ఎగతాళి చేయుచుండగా, మునుపు ఓడించిన ఆ కొరియాపైననే పి.కె.బెనర్జీ యొకటి, జర్నయిల్ యొకటి గోలు చేయగా మనవారు 2-1తో స్వర్ణమును సాధించిరి. గీత వెలుపల కూర్చున్న గురువు అప్పటికే క్యాన్సరుతో కృశించుచుండెను. మఱుసటి యేడు జూన్ 11న కాలధర్మము నొందెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మఱల మనకు రాలేదు.

2024లో ఆయన కథ ‘మైదాన్’ అను పేర, ఒక జాము నిడివి గల హిందీ చిత్రమైనది. పంతులొకడు కథానాయకుడగుట నాకు గర్వకారణమే. మా వీధిపిల్లలు దానిని చూచి వచ్చి నా యరుగుమీద సాయంకాలమంతయు చర్చించినది మాత్రము జర్నయిల్ గోలును గూర్చియే.