సోమ్స్‌పై జాలి, ఐరీన్ మౌనం: ‘ఫోర్సైట్ సాగా’లో దాంపత్యం

జాన్ గాల్స్‌వర్దీ ‘ది ఫోర్సైట్ సాగా’ (1922)లోని తొలి నవల ‘ది మ్యాన్ ఆఫ్ ప్రాపర్టీ’ 1906లో వెలువడింది. అందులో లండన్ న్యాయవాది సోమ్స్ భార్య ఐరీన్‌ను ఇల్లు, చిత్రపటాల వలెనే సొంత ఆస్తిగా భావిస్తాడు. చివరకు ఆమెను బలాత్కరిస్తాడు. నాటి ఆంగ్ల న్యాయం భర్త చేసిన ఈ పనిని నేరంగా పరిగణించలేదు. ఆ మినహాయింపు 1991లో గాని తొలగలేదు.

అయినా తరువాతి నవలల్లో అతని ఒంటరితనం, కూతురు ఫ్లర్‌పై మమకారం పాఠకునిలో జాలి కలిగిస్తాయి. ఇందుకు కారణం కథన విధానమే. సోమ్స్ అంతరంగం పాఠకునికి తెలుస్తూనే ఉంటుంది. ఐరీన్ మాత్రం ఇతరుల దృష్టిలోనే కనిపిస్తుంది. ఈ సంగతిని రచయితే పీఠికలో పేర్కొన్నాడు.

దోషమున్న నాయకుని అర్థం చేసుకోవడం వేరు, అతని దోషాన్ని మన్నించడం వేరు. తరాల కథ ఈ తేడాను మెల్లగా చెరిపివేస్తుంది. కనుక కుటుంబగాథలో ఎవరి మనస్సుకు చోటు దక్కలేదన్నదే విమర్శకుని తొలి ప్రశ్న కావాలి.