పామ్ ఫైవ్‌కు మళ్లీ ఊపిరి

1999లో వచ్చిన పామ్ ఫైవ్ చేతి కంప్యూటర్‌కు సన్నని అల్యూమినియం ఒళ్లు. స్క్రూలతో కాక జిగురుతో మూసిన ఆ పెట్టెలోనే లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది. ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉంటే అది చార్జింగ్ ఎక్కదు, తెర మీద గీత కూడా కనపడదు. దాన్ని లేపడం ఎంతో ఓపిక కోరే పని.

మంచి మెకానిక్ ముందుగా పెట్టె విప్పడు. అడాప్టర్ నుంచి వోల్టేజీ వస్తోందా అని మల్టీమీటరుతో చూస్తాడు. చార్జింగ్ స్టాండు పిన్నులను, వాటికి తగిలే అడుగు రేకులను స్పిరిట్‌తో తుడుస్తాడు. ఒక్కోసారి జబ్బంతా ఆ మసిలోనే ఉంటుంది. తర్వాత వీపు మీది చిన్న రంధ్రంలో రీసెట్ నొక్కుతాడు.

అప్పటికీ కదలకపోతే అనుమానం బ్యాటరీదే. నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులుండే సెల్ 2.5 కంటే బాగా దిగిపోయి చాలాకాలం పడి ఉంటే, దానికి మళ్లీ చార్జింగ్ పెట్టడం ప్రమాదం, మార్చాల్సిందే. అసలు నేర్పు ఇక్కడే. హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దికొద్దిగా వేడి చూపి, జిగురు మెత్తబడ్డాక ప్లాస్టిక్ పలకతో అంచు వెంట నెమ్మదిగా విడదీస్తాడు. తొందరపడితే రేకు వంగుతుంది, తెర పగులుతుంది. ఉబ్బిన సెల్‌కు పలక గుచ్చుకుంటే మంటలే. ఆ చేతి నిదానం చూసి తీరవలసింది.

ప్లస్, మైనస్ సరిచూసి కొత్త సెల్ కలిపితే యంత్రం లేస్తుంది. ర్యామ్‌లోని పాత చిరునామాలు మాత్రం తిరిగి రావు. ఫ్లాష్ మెమరీలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్, కొన్న తొలిరోజులాగే, తెర మీది గుర్తులను స్టైలస్ పుల్లతో తాకమంటుంది.