చెయ్యి తీసినా తిరిగే బ్లేడు

చేత్తో పట్టుకుని నడిపే కరెంటు ప్లేనర్‌లో చెక్కను కోసేది అడుగున దాగి ఉండే చిన్న డ్రమ్ము. దానికి అటొకటి ఇటొకటి రెండు బ్లేడ్లు బిగించి ఉంటాయి. వడ్రంగుల చేతుల్లో ఎక్కువగా కనిపించే మిషన్లలో బ్లేడు వెడల్పు 82 మిల్లీమీటర్లు. ఈ తరహాలో బాగా వాడుకలో ఉన్న మకిటా 1900బి మోటారు 580 వాట్లది, ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి 16,000 చుట్లు తిరుగుతుంది. రెండు బ్లేడ్లు కాబట్టి నిమిషానికి 32,000 కోతలు, అంటే సెకనుకు 530కి పైగా. మీటరు పొడవు చెక్క మీద మిషన్‌ను 20 సెకన్లలో నడిపిస్తే ఒక కోతకూ మరో కోతకూ మధ్య దూరం మిల్లీమీటరులో పదో వంతు. చెక్క నున్నగా తేలేది అందుకే. ఆ డ్రమ్ము కింద వేలు పడితే లెక్క వేలికీ అదే. రంపం కింద పడ్డ వేలు తెగిపడుతుంది, ప్లేనర్ కింద పడ్డ వేలు పొరలు పొరలుగా పోతుంది. తెగిన వేలిని డాక్టర్లు కొన్నిసార్లు తిరిగి అతికించగలరు. పొట్టుగా పోయినదాన్ని అతికించడానికి ఏమీ మిగలదు.

చేతి ప్లేనర్‌ను జపాన్‌లో మొదటగా అమ్మకానికి తెచ్చింది మకిటాయే, 1958లో. హైదరాబాద్ శివార్లలోని సుల్తాన్‌పూర్ చుట్టుపక్కల ఇప్పుడది రెండు రకాల చోట్ల మోగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక అమీన్‌పూర్, కిష్టారెడ్డిపేట, బీరంగూడ వైపు లేచిన అపార్టుమెంట్లలో, విల్లాల్లో దర్వాజలకు, తలుపులకు, అల్మారాలకు ఇది కావాలి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల సరుకుకు పెట్టెలు, పాలెట్లు కొట్టే షెడ్లలోనూ కావాలి. సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన మెడికల్ డివైసెస్ పార్కు 250 ఎకరాలది. అలాంటి చోటికి బరువైన యంత్రం ఏది వచ్చినా చెక్క పెట్టెలోనే దిగుతుంది. ఆ పెట్టెల వెనకా, ఆ తలుపుల వెనకా ఉన్న చేతుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఆ చేతుల్లో చాలావాటికి పని నేర్పింది మామూలు రందా. రందాతో చిత్రిక పట్టేవాడి ఒంట్లో కొన్ని అలవాట్లు ఇంకిపోయి ఉంటాయి. నేల మీద గొంతుక్కూర్చుని చెక్కను కాలి వేళ్లతో అదిమిపట్టడం, పొట్టు ఇరుక్కుంటే బొటనవేలితో తోసెయ్యడం, ఒక వరుస లాగగానే అరచేత్తో చెక్కను తడిమి చూడడం. రందాకు ఇవన్నీ సరైనవే. తోసే చెయ్యి ఆగితే రందా కూడా ఆగుతుంది కాబట్టి వాటిలో ప్రమాదం లేదు. ప్లేనర్ విషయంలో చెయ్యి ఆగడం వేరు, బ్లేడు ఆగడం వేరు. పాత అలవాట్లలో ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో మిషన్ అమ్మే కొట్టులో ఎవరూ విడమరచి చెప్పరు. పెట్టెలో వచ్చే పుస్తకం సన్నని అక్షరాల్లో, చాలామంది పనివాళ్లకు రాని భాషలో ఉంటుంది.

కరెంటు నుంచి మొదలుపెట్టాలి. కడుతున్న ఇళ్లలో ఇప్పటికీ కనిపించే దృశ్యం ఒకటుంది: ప్లగ్గు ఊడిన వైరు కొసలను సాకెట్ రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలతో బిగించడం. మిషన్ లాగినప్పుడల్లా ఆ కొసలు కదులుతాయి. ఒకటి ఊడి తడి గచ్చు మీద పడితే చాలు. ప్లేనర్ ఒంటి మీద చదరం లోపల చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు. అందుకే దానికి ఎర్త్ పిన్ను ఉండదు. ఆ రక్షణ మిషన్ లోపలికే, బయటి వైరుకు కాదు. సైటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే లీకైన కరెంటును గుర్తించి క్షణంలో కట్ చేస్తుంది. ఎన్నో ఫ్లాట్లు కట్టే బిల్డరుకు అదొక ఖర్చే కాదు. పని చేసేటప్పుడు వైరు భుజం మీదుగా వెనక్కి పోవాలి. ముందు వేలాడితే మిషన్ తన వైరును తానే కోసుకుంటుంది.

ఒంటి మీద వేలాడేదేదీ ఉండకూడదు. లుంగీ కొస, మెడలో తువ్వాలు, బొత్తాం పెట్టని పొడుగు చేతుల చొక్కా, మణికట్టుకు కట్టుకున్న దారం, అన్నీ డ్రమ్ముకు అందేవే. వదులుగా ఉన్న చేతి గ్లోవులూ అంతే. చేతికి రక్షణ అనుకుని వేసుకుంటారు గానీ దారపు పోగు ఒకటి చిక్కుకుంటే వెనకాలే చెయ్యి కూడా పోతుంది.

బ్లేడ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మిషన్ నడక చాలావరకు ఇక్కడే తేలుతుంది. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపడం సరిపోదు. ప్లగ్గు పనివాడి కంటికి కనపడే చోట ఉండాలి, లేకపోతే ఎవరో వచ్చి గుచ్చేస్తారు. రెండు బ్లేడ్లనూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది అయితే డ్రమ్ము బరువు ఒకవైపు మొగ్గుతుంది, మిషన్ చేతిలో వణుకుతుంది. పాత బ్లేడు తీసిన చోట జిగురు, పొట్టు గట్టిపడి ఉంటే గీకి తుడవాలి, లేకపోతే కొత్త బ్లేడు సరిగ్గా కూర్చోదు. మిషన్‌ను తిరగేసి, వెనక పలక మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, చిన్న చెక్కముక్కతో డ్రమ్మును మెల్లగా తిప్పాలి. బ్లేడు అంచు స్కేలును రాసీరాయనట్టు తాకాలి. ఎడమ కొస దగ్గర ఎలా తాకిందో కుడి కొస దగ్గరా అలాగే తాకాలి. స్కేలును ఎత్తేస్తోందంటే బ్లేడు పైకి ఉన్నట్టు, అసలు తాకకపోతే లోపలికి పోయినట్టు. తర్వాత మరలన్నీ బిగించాలి. ఒక్క మర వదులైనా అంత వేగంలో బ్లేడు లోపల నిలవదు. బిగించిన కీ తీసేశాక డ్రమ్మును చెక్కముక్కతో మరోసారి చుట్టంతా తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాకే ప్లగ్గు పెట్టాలి.

మొద్దుబారిన బ్లేడు ప్రమాదం కాదనుకుంటారు. నిజానికి అదే ఎక్కువ ప్రమాదం. కొయ్యని బ్లేడు మీద మనిషి ఒంటి బరువు వేస్తాడు. బరువు వేసినవాడు జారితే చెయ్యి ఎక్కడ పడుతుందో చెప్పలేం.

ఇక చెక్క. పాత పాలెట్లు విప్పి, వాటి చెక్కతో కొత్త పెట్టెలు కొట్టడం పారిశ్రామికవాడల్లో ఉన్న పద్ధతే. విదేశాలకు పోయే చెక్క పెట్టెలకు ఐఎస్‌పీఎం-15 అనే నిబంధన ప్రకారం చెక్క గర్భంలో 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు నిలిచేలా వేడిచేసి, ముద్ర వేస్తారు. పురుగు చచ్చిందనే ఆ ముద్ర చెబుతుంది, మేకు లేదని చెప్పదు. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు మీదికి ప్లేనర్ పోతే బ్లేడు పెచ్చు ఎగిరి ముఖానికి తగలొచ్చు, లేదా మిషన్ ఒక్కసారిగా వెనక్కి, మనిషి వైపు తన్నొచ్చు. డ్రమ్ము కోసే దిశ వల్ల తన్నుడు ఎప్పుడూ మనిషి వైపే వస్తుంది. పాత చెక్కను వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడాలి. తుప్పు మరక ఉన్నచోట మేకు ఉన్నట్టే లెక్క. తక్కువ ధరకే దొరికే చిన్న మెటల్ డిటెక్టర్ ఇలాంటి షెడ్లన్నిటిలో ఉండాల్సిన వస్తువు.

చెక్కను కదలకుండా పట్టి ఉంచడంలోనే పాత అలవాటుకూ మిషన్‌కూ అసలు పేచీ. కాలి వేళ్లతో అదిమిపట్టిన చెక్క రందా తోపుకు నిలుస్తుంది, 16,000 చుట్ల డ్రమ్ముకు నిలవదు. జారిందంటే మిషన్ దూకేది పాదం మీదికే. ఒక చేత్తో చెక్క, మరో చేత్తో మిషన్ పట్టుకోవడం కూడా ఇలాంటిదే. ప్లేనర్‌కు రెండు పిడులు ఉన్నది రెండు చేతులూ మిషన్ మీదే ఉండాలని. చెక్కను పట్టే పని బల్లది, క్లాంపుది. నడుమెత్తు బల్ల, రెండు సీ క్లాంపులు, చెక్క ముందుకు జారకుండా బల్లకు కొట్టిన అడ్డచెక్క, ఇవి ఉంటే చాలా ప్రమాదాలు తగ్గుతాయి. సైటులో బల్ల లేదన్నది నిజమే కావచ్చు, కానీ సెంట్రింగ్ చెక్కలతో పూటలో బల్ల తయారవుతుంది. చేతిలో ఇమిడిపోయేంత చిన్న ముక్కలను ప్లేనర్‌తో అసలు పట్టకూడదు. వాటికి రందాయే మేలు.

వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకుంటే వడ్రంగిని పిలుస్తారు. తలుపు దర్వాజకు వేలాడుతుండగానే, స్టూలు మీద నిలబడి పై అంచును ప్లేనర్‌తో గీయడం చూస్తూనే ఉంటాం. తలుపు దింపి, బందుల మరలు తీసి, నిలువుగా క్లాంపు చేసుకుని పట్టాలి. తలుపు అడ్డ అంచుల దగ్గర చెక్క పీచు కొసలు ఉంటాయి. ఒకే ఊపున చివరిదాకా పోతే అవతలి మూల పెచ్చు లేస్తుంది. రెండు వైపుల నుంచీ లోపలికి వచ్చి మధ్యలో ఆపాలి.

మిషన్‌ను చెక్కకు ఆనించి స్విచ్ నొక్కకూడదు. గాలిలో పూర్తి వేగం అందుకున్నాకే ముందు పలకను చెక్క మీద ఆనించాలి. మొదట్లో బరువు ముందు పిడి మీద, చివరికొచ్చేసరికి వెనక పిడి మీద ఉండాలి, లేకపోతే రెండు కొసల్లోనూ గుంట పడుతుంది. లోతు నాబ్‌ను అర మిల్లీమీటరు దగ్గర ఉంచి రెండుసార్లు పట్టడం, ఒకేసారి ఎక్కువ లోతుకు పోవడం కన్నా మంచిది. టేకు, వేప, నల్లమద్ది, దేనికైనా పీచు వాలు ఎటుందో చూసి ఆ వాలునే పోవాలి. ముడి దగ్గర నెమ్మదించాలి. మరీ గట్టి ముడి అయితే లోతు ఇంకా తగ్గించాలి.

ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరేది ఆపిన తర్వాతి ఘడియ. వేలు స్విచ్ వదిలింది, మోటారుకు కరెంటు తెగింది, డ్రమ్ము మాత్రం తన ఊపుతో ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. మొదట గట్టి అరుపు, తర్వాత సన్నటి ఈల, ఆఖరికి బేరింగ్ గరగర. ఆ గరగర కూడా ఆగేదాకా మిషన్ చేతిలోనే, మొహానికీ కాలికీ దూరంగా ఉండాలి. పనివాడు ఈలోపే మిషన్‌ను బల్ల మీద పెట్టేస్తే తిరుగుతున్న డ్రమ్ము బల్లను పట్టుకుని పరుగెత్తుతుంది. తొడ మీద ఆనించుకుంటే తొడను. కొన్ని మోడళ్లలో వెనక పలక కింద స్ప్రింగుతో దిగే చిన్న కాలు ఉంటుంది, కింద పెట్టినప్పుడు బ్లేడును ఎత్తి ఉంచడానికి. పొట్టు పేరుకుని ఆ కాలు మడతలోనే ఇరుక్కుపోతుంటుంది. రోజూ ఊది శుభ్రం చేసుకోవాలి. అది లేని మిషన్ కింద ముందు వైపు ఒక చెక్క ముక్క పెట్టుకుంటే సరి.

పొట్టు బయటికొచ్చే గొట్టం మూసుకుపోవడం మామూలే, ముఖ్యంగా పచ్చి చెక్కతో. అప్పుడు వేలు దూర్చడం రందా నేర్పిన అలవాటు. ఆ గొట్టం నేరుగా డ్రమ్ము దగ్గరికే పోతుంది. ప్లగ్గు పీకి, డ్రమ్ము ఆగిందని చూసుకుని, పుల్లతో తియ్యాలి.

మిషన్‌ను తలకిందులుగా బల్లకు బిగించి, స్విచ్‌ను లాక్ చేసో దారంతో కట్టేసో, చెక్కను దాని మీద తోసే పద్ధతి కూడా ఉంది. పని వేగంగా అవుతుందన్నది నిజం. అయితే చెక్క దాటిన మరుక్షణం తోసే చేతి కింద డ్రమ్ము నగ్నంగా ఉంటుంది. అలా వాడాలంటే కంపెనీ ఆ మోడల్‌కే ఇచ్చే స్టాండు, బ్లేడును కప్పే కదిలే మూత, చెక్కను తోసే కర్ర, మూడూ ఉండాలి. లేనప్పుడు ఆ పద్ధతి పూర్తిగా మానుకోవాలి. ఇందులో మధ్యేమార్గం లేదు.

చెవులకు ప్లగ్గులు తప్పనిసరి, ఈ మిషన్ల మోత సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. దుమ్ము సంగతి అంతకన్నా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో 1995లోనే చేర్చింది. ముక్కు లోపల, దాని చుట్టూ ఉండే గాలి గదుల్లో వచ్చే క్యాన్సర్ అది. ప్లైవుడ్ అంచులు పట్టేటప్పుడు జిగురు పొడి కూడా కలుస్తుంది. మూతికి కట్టిన తువ్వాలు పెద్ద పొట్టును ఆపుతుంది, సన్నటి దుమ్మును ఆపలేదు. ఎన్95 మాస్కు, పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు కావాలి. మోటారు బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు సహజం కాబట్టి కాళ్ల కింద పొట్టు పోగు పడకుండా ఊడ్చుకోవాలి, అక్కడ బీడీ వెలిగించకూడదు. పొడి అనేది ఎంత పని చెయ్యగలదో ఈ ప్రాంతానికి తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయిన ఫ్యాక్టరీలో తయారయ్యేది కర్ర గుజ్జు నుంచి తీసే సెల్యులోజ్ పొడే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షన్, తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించే, సర్దే మనిషికి బిగుతు బట్టలు యజమానే ఇవ్వాలంది. 35వ సెక్షన్ కళ్ల రక్షణ గురించి చెప్పింది. కట్టడం పనివాళ్లకు 1996లో వేరే చట్టం వచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఈ రెండింటినీ తనలో కలుపుకుంది. కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, అతని కింద రోజుకూలీకి వచ్చిన కుర్రాడు ఉన్నచోట మాస్కు ఎవరు కొనాలన్న ప్రశ్నకు జవాబు దొరకదు. పని అప్పజెప్పిన ఇంటి యజమానో, షెడ్డు యజమానో కొనాలి. ఖర్చు వందల్లోనే.

గాయమైతే ముందు ప్లగ్గు పీకాలి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా నొక్కి, చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దకూడదు. అవి గాయంలో కూరుకుని డాక్టరు శుభ్రం చేసే పనిని పెంచుతాయి. సన్నటి తాడుతో వేలి మొదలు బిగించి కట్టడం వల్ల మిగిలిన కండ కూడా చస్తుంది. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసెయ్యాలి. వేలి ముక్క ఏదైనా దొరికితే తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో మూసి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. ఐసు ముక్క మీద నేరుగా పెడితే కండ పాడవుతుంది. 108కి ఫోన్ చెయ్యాలి, ఈలోపు ఏమీ తినిపించకూడదు, తాగించకూడదు, ఎందుకంటే మత్తు ఇవ్వాల్సి రావచ్చు. గాయం ప్లేనర్‌ది అనీ, ఎన్నింటికి తగిలిందీ, చివరిగా ఎప్పుడు తిన్నాడూ, ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నాడూ ఆస్పత్రిలో చెప్పాలి.