అరుగుదల వేరు, అచ్చులోపం వేరు

అమెరికాలో 1830 నుండి 1864 వరకు ప్రైవేటు వ్యక్తులు, కంపెనీలు ముద్రించిన బంగారు నాణేలను ‘టెరిటోరియల్’ నాణేలని వ్యవహరిస్తారు. మొదట జార్జియా, ఉత్తర కరోలినాలలోను, పిమ్మట కాలిఫోర్నియా, ఆరెగన్, ఉటా, కొలరాడోలలోను బంగారం చేతికి వచ్చింది గాని, చెలామణికి నాణెం చాలలేదు. ప్రభుత్వ టంకశాల దూరం. అట్టి అవసరంలో పుట్టిన నాణేలివి. 1864లో కాంగ్రెసు వీటిని నిషేధించింది. నేడు మిగిలినవి కొద్ది. వాటిలో అరుదైనవి లక్షల డాలర్లు పలుకుతున్నవి. ఆ వెలను చాలవరకు శాసిస్తున్నది పెట్టె మీద అచ్చువేసిన ఒక్క అంకె. ఆ అంకె న్యాయమైనదేనా అన్నదే ఇక్కడ మన విచారణ.

ఆ అంకెకు మూలపురుషుడు విలియం షెల్డన్. 1949లో ఆయన 1 నుండి 70 వరకు మెట్లు గల కొలబద్ద నొకదానిని ప్రతిపాదించాడు. అది 1793 – 1814 మధ్య ముద్రితమైన పెద్ద రాగి సెంట్ల కోసం చేసినది. అడుగుమెట్టు నాణెం వెలకు డెబ్బయి రెట్లు పలికేది డెబ్బయ్యవ మెట్టు అన్నది అందులోని లెక్క. అనగా అది ఒక కాలపు రాగి బజారుకు చెందిన లెక్క. 1970వ దశకంలో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ దానిని అన్ని నాణేలకూ వర్తింపజేసింది. 1986, 1987లలో పి.సి.జి.ఎస్., ఎన్.జి.సి. అను సంస్థలు వెలసి, నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అంకె వేసి ఇవ్వసాగాయి. ప్రభుత్వ టంకశాలలో యంత్రబలంతో ఒకే తీరున దిగిన నాణేలకు ఈ పద్ధతి కొంత సరిపోవచ్చు. కొండ దాపున చిన్న పనివాటికలో, అరకొర అచ్చులతో దిగిన నాణేలకు సరిపోతుందా?

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. నాణెం మీద గద్ద రొమ్ము చదునుగా కనిపించినది. అది జేబులో తిరిగి అరిగిందా, లేక అచ్చు సరిగా పడక పుట్టుకతోనే అట్లున్నదా? అరిగిన చోట లోహం నునుపై, చుట్టుప్రక్కల కంటే వన్నె తగ్గి ఉంటుంది. ఎత్తైన భాగాలన్నీ, గట్టుతో సహా, ఇంచుమించు కలిసి అరుగుతాయి. అచ్చు పడని చోట అట్లుండదు. అక్కడ బిళ్ల తాలూకు మొదటి గరుకుదనం మిగిలి ఉంటుంది. ప్రక్కనే సన్నని అక్షరం పదునుగా నిలిచి ఉంటుంది. తరచుగా బొరుసు వైపు సరిగా అదే తావున మరొక పలుచన కనిపిస్తుంది. ఈ తేడా తెలియనివాడు తిరగని నాణేన్ని తిరిగినదంటాడు. మాఫట్ కంపెనీ వారి 1849 నాటి పది డాలర్ల నాణెం విషయంలో ఈ పొరపాటు మరీ సులువు. అది ప్రభుత్వ నాణేన్నే పోలి ఉంటుంది. స్త్రీమూర్తి తలపట్టీ మీద ‘లిబర్టీ’ అన్న మాటకు బదులు కంపెనీ పేరు. రూపం ఒకటే గనుక కొలత కూడా ఒకటే అనుకోవడం సహజమే గాని, సరికాదు.

ఉత్తర కరోలినాలోని బెక్ట్‌లర్ కుటుంబం నాణేల మీద బొమ్మే లేదు. పేరు, విలువ, బరువు, వన్నె – అంతా అక్షరాలే. హిజ్రీ 77లో (క్రీ.శ. 696–97) అబ్దుల్ మలిక్ సంస్కరణతో బొమ్మలు పోయి అక్షరాలే మిగిలిన దీనారులు మన పాఠకులకు తెలిసినవే. ఈ రెండు రకాల నాణేలలోను చెక్కిలి, జుట్టు చూచి అరుగుదల చెప్పే వీలు లేదు. అక్షరపు గీతనే చదవాలి. పైగా బెక్ట్‌లర్ తన మాటను తానే నాణెం మీద వ్రాసి పెట్టాడు. జార్జియా బంగారంతో చేసిన అయిదు డాలర్ల నాణెం మీద 22 కారట్లు, 128 గ్రెయిన్లు; కరోలినా బంగారంతో చేసిన దాని మీద 20 కారట్లు, 140 గ్రెయిన్లు. లెక్క వేసి చూడండి: మొదటి దానిలో మేలిమి 117 గ్రెయిన్ల పైచిలుకు, రెండవ దానిలో 117కు కొంచెం లోపు. వన్నె తగ్గిన చోట బరువు పెంచి విలువ నిలబెట్టాడు. ఈ నాణెం ఎంత పోగొట్టుకున్నదో తెలుసుకోవడానికి కంటి కంటే త్రాసు మంచి సాక్షి. బిళ్లల బరువులో మొదటి నుండీ కొంత తేడా ఉండవచ్చు. అయినా ఏ షరాబైనా ముందు తూచి తరువాతనే మాట్లాడతాడు.

లోహం మెత్తదనం మరొక సంగతి. 1849లో ఆరెగన్ నగరంలో ముద్రించిన బీవరు బొమ్మ నాణేలు, 1860లో డెన్వరులో క్లార్క్ – గ్రూబర్ కంపెనీ ముద్రించిన కొండ బొమ్మ నాణేలు రాగి కలపని సహజ బంగారంతో చేసినవి. త్వరగా అరిగిపోవడం చూచి ఆ కంపెనీ 1861లో మిశ్రమం కలిపింది. కాబట్టి ఒకే మాదిరి అరిగిన రెండు నాణేలు ఒకే కాలం తిరిగినవని చెప్పలేము. ఒకే అంకె వాటికి వేస్తే చరిత్ర తెలిసేది ఎట్లా?

హంబర్టు 1851, 1852లలో చేసిన ఏబది డాలర్ల ఎనిమిది పలకల నాణెం సుమారు 85 గ్రాముల బరువు. ఎనిమిది మూలలూ దెబ్బలు తినడానికే ఉన్నట్లుంటాయి. ఆ దెబ్బలను ఆకురాయితో సవరించిన వారున్నారు, నగలో బిగించి మళ్లీ విప్పిన వారున్నారు. ఆకురాయి గీతలన్నీ నేరాలు కావు. బరువు సరిచేయడానికి ముద్రకు ముందు బిళ్లను రాసిన గీతలు ముద్ర క్రింద నలిగి, అక్షరాల అడుగు నుండి సాగిపోతాయి. తరువాత రాసిన గీతలు అక్షరాన్నే కోస్తాయి. ఇక బాల్డ్విన్ కంపెనీ నాణేలు: 1851లో హంబర్టు పరీక్షలో సుమారు 3 శాతం బంగారం తక్కువని తేలి, జనం నమ్మకం పోయి, చాలామటుకు కరిగిపోయాయి. పోల్చి చూడడానికి తోటి నాణేలే లేనప్పుడు అరవై ఒకటి, అరవై రెండు అని తేడా చెప్పడం సాహసమే.

విచిత్రమేమంటే, అదే ఎన్.జి.సి. సంస్థ గ్రీకు, రోమను నాణేలకు మాత్రం ముద్రకు 5కు ఇన్ని, ఉపరితలానికి 5కు ఇన్ని అని విడివిడిగా ఇచ్చి, బరువు కూడా చీటీ మీద వ్రాస్తున్నది. ముద్ర, ఉపరితలం, అరుగుదల వేరువేరు సంగతులని ఆ సంస్థకు తెలియదని ఎవరనగలరు? టెరిటోరియల్ నాణేలకు ఈ మర్యాద ఎందుకు దక్కలేదో వారే చెప్పవలె. ఇప్పటి స్థితిలో బెక్ట్‌లర్ నాణెం కొనదలచినవాడు అది 128 గ్రెయిన్లలో ఎంత మిగుల్చుకున్నదో స్వయంగా చూడాలంటే, పెట్టె పగులగొట్టి త్రాసులో వేయవలసినదే.